పొద్దు తగ్గే రోజుల్లో చిన్న చిన్న ఊరటలు

ప్రశ్న: నమస్తే అండీ. ఆకులు రాలే కాలం మొదలైతే చాలు, నాకు టెన్షన్ పట్టుకుంటుంది. ఆఫీసులో ఏడాది చివరి పనులన్నీ ఒకేసారి మీద పడతాయి. అమ్మాయికి పరీక్షలు. నాన్నగారికి ఈ చలి మొదలయ్యే రోజుల్లోనే ఆరోగ్యం దెబ్బతింటుంది, ఆయన్ని చూసుకునేది నేనే. తమ్ముడు ఉన్నాడు కానీ వాడికి వాడి పనులు. నేను ఇల్లు చేరేసరికి చీకటి పడిపోతుంది. తాళం తీసి లోపలికి అడుగు పెడుతుంటేనే గుండె బరువెక్కుతుంది. పోయిన నెల హాయిగా ఉంటుందని మెత్తటి రగ్గు, సువాసన కొవ్వొత్తులు, రెండు మూడు రకాల టీలు కొన్నాను. ఒక వారం బాగానే ఉంది. తర్వాత మామూలే, సోఫాలో రగ్గు కప్పుకుని ఫోన్ చూస్తూ పదకొండు దాకా కూర్చోవడం, పొద్దున లేవలేకపోవడం. ఎక్కువ ఖర్చూ ఎక్కువ ఓపికా అడగని ఊరటలు ఏమైనా ఉంటే చెప్పండి. హాయిగా ఉండడం కూడా నాకు చేతకావడం లేదేమో అనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా మీ చివరి వాక్యం గురించి. మీకు చేతకానిది ఏమీ లేదండీ. మీరు కొన్న వస్తువులు మంచివే. కాకపోతే అవన్నీ రాత్రి తొమ్మిది దాటాక, పనులన్నీ అయ్యాక వాడుకునేవి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు నిజంగా కష్టంగా ఉండే వేళలు రెండు కనిపించాయి. ఒకటి పొద్దున మంచం దిగే వేళ, రెండోది చీకట్లో తాళం తీసే వేళ. ఆ రెండు వేళలకూ ఇప్పుడు మీ దగ్గర ఏ ఊరటా లేదు. అందుకని కొత్తగా ఏమీ కొనకుండా, ఉన్నవాటినే ఆ వేళలకు జరుపుదాం.

పొద్దుటితో మొదలుపెడతాను. సాయంత్రం హాయి గురించి అడిగితే పొద్దున గురించి చెబుతోందేమిటి అనుకోకండి, దీనికి కారణం ఉంది. పగలు, రాత్రి సమానమయ్యే రోజుల చుట్టూనే పగటి పొడవు అన్నిటికన్నా వేగంగా తగ్గుతుంది. ఉత్తరార్ధగోళంలో అది సెప్టెంబరు 22, 23 తేదీల ప్రాంతం. దక్షిణాన మార్చి 20, 21. భూమధ్యరేఖకు ఎంత దూరం వెళితే ఆ తగ్గుదల అంత ఎక్కువ. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ రోజుల్లో వారానికి దాదాపు 25 నిమిషాల పగలు పోతుంది. నెల తిరిగేసరికి గంటన్నర పైమాటే. కొన్ని దేశాల్లో ఇది చాలదన్నట్టు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు, దాంతో సాయంత్రం ఒక్క రోజులో మాయమైపోతుంది. ఇంత మార్పు వచ్చినప్పుడు మనిషికి ఏమీ అనిపించకపోతేనే ఆశ్చర్యం.

మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒక చిన్న కణాల గుంపు ఉంటుంది. మన నిద్ర, మెలకువల గడియారం అదే. కంటిలోపలి పొరలో వెలుతురును కొలిచే ప్రత్యేకమైన కణాలు దానికి ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటాయి. పొద్దున గట్టి వెలుతురు తగిలితే ఆ గడియారం కాస్త ముందుకు జరుగుతుంది, రాత్రి నిద్ర సమయానికి వస్తుంది. ఆ వెలుతురు అందకపోతే వెనక్కి జారుతూ పోతుంది. రాత్రి పదకొండైనా నిద్ర రాకపోవడం, పొద్దున లేవలేకపోవడం, మీరు రాసిన రెండూ ఆ జారుడు లక్షణాలే కావచ్చు.

గదిలో లైట్లు వేసుకున్నాం కదా అనుకుంటాం. వెలుతురును లక్స్ అనే కొలతలో చెబుతారు. ఇంట్లో, ఆఫీసులో మామూలుగా ఉండే వెలుతురు 100 నుంచి 500 లక్స్ మధ్య. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట పట్టపగలు కొన్ని వేల లక్స్ ఉంటుంది. నేరుగా పడే మధ్యాహ్నపు ఎండైతే లక్ష దాకా వెళుతుంది. కళ్ళు ఇట్టే సర్దుకుంటాయి కాబట్టి ఆ తేడా మనకు తెలియదు, మెదడుకు మాత్రం తెలుస్తుంది. అందుకే లేచిన గంటలోపు, లేదా తెల్లవారగానే, ఒక ఇరవై నిమిషాలు బయటికి రండి. నడవాలనే నియమం లేదు. మొదటి కప్పు చేత పట్టుకుని గుమ్మం బయట నిలబడినా చాలు. ఇంకా చీకటిగా ఉండగానే బయల్దేరాల్సి వస్తే ఆఫీసుకు కాస్త ముందే దిగి మిగతా దూరం నడవండి, లేదా మధ్యాహ్నం భోజనం కాగానే పది నిమిషాలు బయట తిరగండి. నీరెండ తగిలితే మంచిదే, ముసురు పట్టినా మానకండి. నా దృష్టిలో ఈ కాలానికి ఇంతకు మించిన ఊరట లేదు, పైగా రూపాయి ఖర్చు లేదు. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక తాళం తీసే వేళ. చీకటి ఇంట్లోకి అడుగు పెట్టి, తడుముకుంటూ వెళ్ళి, పైనున్న పెద్ద తెల్ల లైటు వేసి, చేతిలో సంచి అలాగే ఉండగానే వంటింట్లోకి నడవడం. చాలామంది సాయంత్రం ఇలాగే మొదలవుతుంది. ఇక్కడ మార్చాల్సింది ఒక్కటి: మీరు వచ్చేసరికే ఇంట్లో ఒక దీపం వెలుగుతూ ఉండాలి. అమ్మాయి ముందే వస్తే ఆమెకు చెప్పండి, గుమ్మానికి కనబడే చోట ఒక చిన్న లైటు వేసి ఉంచమని. లేకపోతే మామూలు టైమర్ ప్లగ్ ఒకటి సరిపోతుంది. ఆరేడు వాట్ల ఎల్ఈడీ బల్బు రెండు గంటలు వెలిగినా కరెంటు లెక్కలోకి రాదు.

ఆ బల్బు రంగు మాత్రం చూసి పెట్టండి. బల్బు పెట్టె మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది. 6500 అంటే నీలి ఛాయ ఉన్న తెల్లటి వెలుతురు, పగటి పనికి బాగుంటుంది. 2700 అంటే పసుపు కలిసిన వెచ్చటి వెలుతురు. సాయంత్రం నుంచి నడిచేది ఈ రెండోదే కావాలి. రాత్రి భోజనాలయ్యాక పైకప్పు లైట్లు ఆపేసి, తక్కువ ఎత్తులో ఒకటి రెండు పసుపు దీపాలు మాత్రమే ఉంచండి. గది మొత్తం ఒకే తీరుగా వెలిగితే అది ఇంకా ఆఫీసులాగే ఉంటుంది. కొంత వెలుగు, కొంత నీడ ఉన్న గదిలో ఒళ్ళు దానంతట అదే నెమ్మదిస్తుంది. చీకటిలో మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను విడుదల చేస్తుంది, అది శరీరానికి రాత్రి అయిందని చెప్పే హార్మోను. ప్రకాశవంతమైన లైట్లు, ముఖ్యంగా నీలి ఛాయ ఉన్నవి, దాన్ని ఆలస్యం చేస్తాయి.

ఇంటికి రాగానే మొదటి పదిహేను నిమిషాలు ఎవరికీ సమాధానం చెప్పకండి. ఇది ఇంట్లో వాళ్ళకు ముందే, ప్రశాంతంగా ఉన్నప్పుడు చెప్పి పెట్టాల్సిన మాట. బట్టలు మార్చుకోండి, గోరువెచ్చని నీళ్ళతో ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కోండి, కూర్చోండి. నాన్నగారికి అర్జంటుగా ఏమీ లేదని ఒక్కసారి చూసుకుని మరీ కూర్చోండి, లేకపోతే మనసు అక్కడే ఉంటుంది. ఆ పదిహేను నిమిషాలు మీ ఆఫీసుకూ మీ ఇంటికీ మధ్య గడప. దాన్ని దాటకుండానే మీరు రోజూ వంటింట్లోకి వెళ్ళిపోతున్నారు.

రగ్గు కొన్నానన్నారు. మంచి పని, కానీ వెచ్చదనం అవసరం భుజాల కన్నా పాదాలకు ఎక్కువ. ఇది పెద్దవాళ్ళు చెప్పే మాటే అయినా 1999లో స్విట్జర్లాండ్ పరిశోధకులు దాన్ని కొలిచి చూపించారు: పాదాలు, చేతులు వెచ్చబడితే నిద్ర త్వరగా పడుతుంది. నిద్ర రావాలంటే శరీరం లోపలి వేడి కొంత తగ్గాలి. అరికాళ్ళు, అరచేతుల్లో రక్తనాళాలు విప్పారితే ఆ వేడి అక్కణ్ణుంచి బయటికి పోతుంది. వేడినీళ్ళ స్నానం వెనక ఉన్నదీ ఇదే. 2019లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూశారు. పడుకునే గంట, రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల వేడి నీళ్ళతో పది నిమిషాలు స్నానం చేస్తే నిద్ర తొందరగా పడుతోందని తేలింది. పడుకునే ముందు నిమిషంలో చేస్తే ఆ ఫలితం అంత రాదు, లోపలి వేడి దిగడానికి సమయం కావాలి. స్నానానికి ఓపిక లేని రోజున బకెట్‌లో పాదాలు పెట్టుకుని కూర్చోండి, తుడుచుకుని సాక్సులు వేసుకోండి. పడకగది మాత్రం మరీ వెచ్చగా ఉండకూడదు, 18 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే చాలు.

నాన్నగారికి కూడా ఇది బాగుంటుంది, ఒక జాగ్రత్తతో. పెద్ద వయసులో, అందులోనూ షుగరు ఉంటే, పాదాలకు స్పర్శ తగ్గుతుంది. వేడి ఎక్కువైనా తెలియదు, కాలిపోతాయి. ఆయనకు పెట్టే నీళ్ళ వేడి మీ చేత్తో చూడండి. హాట్ వాటర్ బ్యాగ్ పెడితే మరుగుతున్న నీళ్ళు పోయకుండా, మందపాటి గుడ్డ చుట్టి, ఆయన నిద్రలోకి జారే ముందు తీసేయండి. పక్క వెచ్చబెట్టడానికి అది చాలు.

టీల సంగతి. మీరు కొన్నవాటిలో బ్లాక్ టీ, గ్రీన్ టీ ఉంటే వాటిలో కెఫీన్ ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. అంటే సాయంత్రం ఐదింటికి తాగిన కప్పులో సగం రాత్రి పదింటికి ఇంకా మీలో తిరుగుతూనే ఉంటుంది. అవి మధ్యాహ్నం రెండులోపు కానివ్వండి. సాయంత్రానికి కెఫీన్ లేని మూలికల టీ కానీ, గోరువెచ్చని పాలు కానీ, ఉత్త వేడి నీళ్ళు కానీ పెట్టుకోండి. చేతుల మధ్య వెచ్చగా ఒక కప్పు ఉండడంలోనే సగం సుఖం ఉంది, లోపల ఏముందన్నది రెండో మాట.

సువాసన కొవ్వొత్తుల విషయంలో నాకు అంత ఉత్సాహం లేదు. మూసిన గదిలో గంటలకొద్దీ వెలిగిస్తే పొగ, మసి గదిలోనే ఉంటాయి, నాన్నగారికి ఊపిరి ఇబ్బంది ఉంటే అసలు వద్దు. వెలిగించిన రోజున కిటికీ కాస్త తెరవండి, గదిలో ఎవరూ లేకుండా వదలకండి.

భోజనం విషయంలో ఒకే ఒక్క సలహా. వారంలో రెండు రోజులు, వండేటప్పుడే రెండు పూటలకు సరిపడా వండి పెట్టుకోండి. మీకు బాగా అలవాటైన, వేడిగా ఒకే గిన్నెలో తినగలిగే వంటకం ఏదైనా సరే. కొత్త వంటలు నేర్చుకునే కాలం కాదిది. మర్నాడు సాయంత్రం వేడి చేసుకుంటే చాలు అన్న నిశ్చింత, ఆ వంట రుచికన్నా ఎక్కువ హాయిస్తుంది.

ఇప్పుడు ఆ ఫోన్. దాని గురించి మిమ్మల్ని తప్పు పట్టను. రోజంతా ఎవరో ఒకరికి ఏదో ఒకటి చేసిన మనిషికి, ఏమీ అడగని వస్తువు చేతిలో ఉంటే వదలబుద్ధి కాదు. ఫోన్ మానేయాలని ఒట్టు పెట్టుకుంటే మూడు రోజులు కూడా నిలవదు. చేతులకు వేరే పని ఇస్తే నిలుస్తుంది. ఊలు అల్లడం వస్తే అది, లేకపోతే బొత్తాలు కుట్టడం, పాత ఫోటోలు సర్దడం, ముక్కలు కలిపి బొమ్మ చేసే పజిల్. ఎంత సాగినా, ఎక్కడ ఆపినా నష్టం లేని పని అయి ఉండాలి. చదివే అలవాటు ఉంటే ఒకప్పుడు ఇష్టంగా చదివిన పుస్తకాన్నే మళ్ళీ తీయండి. కథ తెలుసు కాబట్టి తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం ఉండదు, ఏ పేజీలో నిద్ర వస్తే ఆ పేజీలో మూసేయొచ్చు. అలసిపోయిన బుర్రకు కొత్త పుస్తకం కూడా ఒక్కోసారి పనే. ఫోన్ చార్జరును మాత్రం పడకగదిలోంచి తీసి హాల్లో పెట్టండి. రాత్రి ఎవరైనా అర్జంటుగా ఫోన్ చేస్తారన్న భయం ఉంటే రింగు గట్టిగా పెట్టుకోండి.

పడుకోగానే రేపటి పనులు కళ్ళ ముందు తిరుగుతుంటే ఒక కాగితం తీసుకుని ఐదు నిమిషాలు రాయండి. 2018లో బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇది పరీక్షించి చూశారు. ఆ రోజు చేసిన పనులు రాసినవాళ్ళ కంటే, చేయాల్సిన పనులు రాసినవాళ్ళు తొందరగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. అందుకని ‘ఆఫీసు పని’ అని రాసి ఊరుకోకండి. ‘పది గంటలకు ఫలానా లెక్క సరిచూడాలి, పన్నెండులోపు పంపాలి’ అని రాయండి. ఆ కాగితం మంచం పక్కన కాకుండా మీ సంచిలో పెట్టండి, పొద్దున అది ఎక్కడ కావాలో అక్కడ.

అమ్మాయి పరీక్షల గురించి ఒక మాట. తన గదిలో తను, హాల్లో మీరు, లోపల నాన్నగారు, ముగ్గురూ మూడు దీపాల కింద విడివిడిగా ఆ సాయంత్రాన్ని మోస్తున్నట్టు అనిపించింది. వారంలో కొన్ని రోజులైనా ఒక గంట ఒకే బల్ల దగ్గర కూర్చుని చూడండి. ఆమె చదువు ఆమెది, మీ అల్లిక మీది, నాన్నగారు పక్కన కుర్చీలో. మాట్లాడాలని లేదు, మార్కుల ప్రస్తావన అసలే వద్దు. ఆ గంట చివర ముగ్గురికీ ఏదైనా వేడిగా. పరీక్షల రోజుల్లో పిల్లలకు మన సలహాల కన్నా మన ఉనికి ఎక్కువ సాయం చేస్తుందని నా నమ్మకం.

ఇవన్నీ మామూలు అలసటకు పనిచేసేవి. అంతకు మించినది ఏదైనా ఉంటే గుర్తుపట్టడం ముఖ్యం. రెండు వారాలు దాటి, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర విపరీతంగా పెరగడం, తీపి, పిండి పదార్థాల మీద యావ పెరగడం, ప్రతి ఏడాదీ ఈ కాలంలోనే ఇలా అయి వసంతం రాగానే తగ్గిపోవడం. ఇవి కనిపిస్తే డాక్టరును కలవండి. కాలంతో పాటు వచ్చే డిప్రెషన్ ఉందని అమెరికాలో నార్మన్ రోజెన్‌థాల్, ఆయన సహచరులు 1984లోనే వివరించారు. దానికి చికిత్సలు ఉన్నాయి. 10,000 లక్స్ లైటు ముందు రోజూ పొద్దున అరగంట కూర్చోబెట్టే పద్ధతి ఒకటి, మాటలతో చేసే చికిత్స ఇంకొకటి, మందులూ ఉన్నాయి. ఆ లైటు మీ అంతట మీరు కొని మొదలుపెట్టకండి. కంటి రెటీనా జబ్బులు, బైపోలార్ సమస్య (మనసు అతి హుషారుకూ తీవ్రమైన దిగులుకూ మధ్య ఊగే జబ్బు) ఉన్నవాళ్ళకు అది హాని చేయొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా చేయించుకోండి, ఈ రెండూ అచ్చం ఇలాంటి నీరసాన్నే తెస్తాయి. ఎప్పుడైనా బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఆ రోజే, ఆ గంటలోనే దగ్గరివాళ్ళకు చెప్పండి, ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక చివరిది. ‘తమ్ముడు ఉన్నాడు కానీ వాడికి వాడి పనులు’ అని ఒక్క వాక్యం రాసి దాటిపోయారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అదే బరువైన వాక్యంగా కనిపించింది. మీ మీద ఉన్న బరువు నిజంగా ఎక్కువే, ఎన్ని దీపాలు పెట్టినా, ఎంత వెచ్చగా పాదాలు కప్పుకున్నా దానంతట అది తగ్గదు. అందులోంచి ఒక్క పనైనా వేరే చేతుల్లోకి వెళ్ళాలి.

బహుశా మీరు ఇంతకు ముందు అడిగే ఉంటారు, ‘కాస్త నాన్నను చూసుకోరా’ అని. అలా అడిగితే ఎవరైనా సరేనంటారు, తర్వాత ఏమీ జరగదు, ఎందుకంటే ఆ మాటలో చేయాల్సిన పని ఏదీ లేదు. ఈసారి ఒక పని, ఒక రోజు, ఒక సమయం చెప్పండి. ‘ఈ మూడు నెలలూ నాన్నను డాక్టరుకు చూపించే బాధ్యత నీది. ముందుగా సమయం తీసుకోవడం, తీసుకెళ్ళడం, మందులు తేవడం అన్నీ. నేను ఆ పని వదిలేస్తున్నాను.’ వాడు మీలా చేయకపోవచ్చు. ఒక మందు మర్నాడు తేవచ్చు, ఆసుపత్రికి అరగంట ఆలస్యంగా వెళ్ళొచ్చు. ప్రాణం మీదికి రానంతవరకు మధ్యలో కలగజేసుకోకండి. దూరంలో ఉండి రాలేనంటే, వారంలో రెండు పూటలు నాన్నగారి దగ్గర ఉండే మనిషిని పెట్టి ఆ జీతం తనే ఇవ్వాలని చెప్పండి. రోజూ రాత్రి ఎనిమిదింటికి నాన్నగారికి ఫోన్ చేసి పావుగంట మాట్లాడమనండి. ఆ పావుగంట కూడా మీదే అవుతుంది.

ఆఫీసులోనూ అంతే, ఏడాది చివరి పనుల్లో వచ్చే నెలకు జరిపితే ఎవరికీ నష్టం లేనిది ఒకటి ఉండి తీరుతుంది. అది ఏదో మీకు ఇప్పటికే తెలుసు, పై అధికారికి చెప్పడానికి మొహమాటపడుతున్నారంతే అనుకుంటున్నాను.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం పొద్దుటి వెలుతురు, గుమ్మం దగ్గర దీపం, ఈ రెండే. అవి అలవాటయ్యాక మిగతావి ఒక్కొక్కటి. తమ్ముడికి ఫోన్ మాత్రం ఆదివారం దాకా ఆపకండి, మళ్ళీ మనసు మారిపోతుంది. చేశాక ఏమన్నాడో నాకు రాయండి.